మూత్రంలో ఫ్లోరైడ్ కొలవడం: అయాన్ మీటర్ మీద నమ్మదగిన రీడింగ్ రావాలంటే

ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎంత చేరుతోందో తెలియాలంటే చూడాల్సింది మూత్రం. పెద్దవాళ్లలో రక్తంలోకి చేరిన ఫ్లోరైడ్‌లో దాదాపు సగం మూత్రంలో బయటికి పోతుంది, మిగతాది ఎక్కువగా ఎముకల్లో ఇరుక్కుంటుంది. నీళ్ల పరీక్ష బోరు సంగతి చెబుతుంది గానీ మనిషి సంగతి చెప్పదు. ఒకే బోరు నీళ్లు వాడే ఇంట్లో ఎండలో పొలం పనికి పోయేవాళ్లు ఇంటిపట్టున ఉండేవాళ్ల కంటే రెండు మూడింతలు తాగుతారు. ఆ తేడా మూత్రంలోనే కనబడుతుంది.

మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) మీద తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వచ్చింది. అది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గురించే. తర్వాత నల్గొండ, ప్రకాశం జిల్లాల పేర్లు దేశమంతా తెలిశాయి. ఈ పరీక్ష మన జిల్లాల్లో చేయాల్సిన అవసరం ఇంకా ఉంది. దీనికి కోట్ల రూపాయల యంత్రం అక్కర్లేదు. ఒక ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ (ద్రావణంలో ముంచితే అందులోని ఫ్లోరైడ్‌ను బట్టి మిల్లీవోల్టులు మారే కడ్డీ), దానికి పోలికగా ఒక రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (రెండూ కలిసిన కాంబినేషన్ ఎలక్ట్రోడ్ అయినా సరే), 0.1 మిల్లీవోల్టు వరకు చూపించే అయాన్ మీటర్, ఒక మాగ్నెటిక్ స్టిరర్ ఉంటే జిల్లా ల్యాబ్‌లోనే చేయొచ్చు. పరికరం చిన్నదే. కానీ శాంపిల్ బాటిల్ దగ్గర, బఫర్ (ఆమ్ల గుణం మారకుండా ఆపే ద్రావణం) దగ్గర, గది వేడి దగ్గర అజాగ్రత్తగా ఉంటే అది తప్పు అంకెనే ఎంతో స్థిరంగా చూపిస్తుంది.

శాంపిల్ సేకరణ

గాజు సీసా వద్దు. ఆమ్ల గుణం ఉన్న మూత్రంలో ఫ్లోరైడ్ గాజుతో చర్య జరిపి తగ్గిపోతుంది. మూత పెట్టే పాలిథీన్ లేదా పాలీప్రొపిలీన్ బాటిల్, 100 మిల్లీలీటర్లది తీసుకోండి. ముందుగా కడిగి, చివరి రెండుసార్లు తప్పనిసరిగా డిస్టిల్డ్ వాటర్‌తో తొలిచి ఆరబెట్టండి. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ల్యాబ్ కుళాయి నీళ్లలోనే లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములు ఉండొచ్చు. కుళాయి కింద కడిగి అలాగే ఆరబెట్టిన బాటిల్లో ఆ ఫ్లోరైడ్ అంతా గోడలకు అంటుకుని ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్‌ను కూడా బఫర్ కలిపి ఒకసారి కొలిచి చూసుకోండి. అందులో ఫ్లోరైడ్ కనబడితే మిగతా పని మొదలుపెట్టకండి.

బాటిల్ ఇవ్వకముందే అందులో 0.2 గ్రాముల డైసోడియం ఈడీటీఏ వేసి ఉంచాలి. మూత్రంలోని కాల్షియం, మెగ్నీషియంలను అది పట్టుకుంటుంది కాబట్టి నిల్వలో ఫ్లోరైడ్ వాటితో కలిసి అడుగున చేరదు. కనీసం 50 మిల్లీలీటర్ల మూత్రం కావాలి. పొడి చూసి భయపడి ఎవరైనా దాన్ని కడిగేసి తెస్తారు. అందుకే బాటిల్ ఇచ్చేటప్పుడే ఆశా కార్యకర్త చేత "లోపల ఉన్న పొడి మందే, పారబోయొద్దు, నీళ్లతో కడగొద్దు" అని ఒక్క మాట చెప్పించండి.

24 గంటల మూత్రం పట్టగలిగితే అంతకంటే మంచిది లేదు. కానీ ఊళ్లలో అది పూర్తిగా పట్టడం అరుదు. మధ్యాహ్నం పొలంలో పోయింది బాటిల్లోకి రాదు, మొత్తం లెక్క తప్పుతుంది. సగం పట్టిన 24 గంటల శాంపిల్ కన్నా సరిగ్గా పట్టిన ఒక్కసారి శాంపిల్ నయం. అయితే సర్వే అంతటికీ ఒకే సమయం పెట్టుకోవాలి. పొద్దున లేవగానే పోసింది చిక్కగా ఉంటుంది, చెంబెడు నీళ్లు తాగాక పోసింది పలచగా ఉంటుంది. ఒకరి దగ్గర అదీ ఇంకొకరి దగ్గర ఇదీ తీసుకుంటే పోల్చడానికి వీలుండదు.

ఫ్యాక్టరీ కార్మికుల విషయం వేరు. అల్యూమినియం కరిగించే చోట, సూపర్ ఫాస్ఫేట్ ఎరువుల తయారీలో, గాజు మీద చెక్కే పనిలో ఫ్లోరైడ్ గాలి ద్వారా లోపలికి పోతుంది. అక్కడ షిఫ్ట్ మొదలయ్యే ముందు ఒకటి, అయిపోయాక ఒకటి తీసుకోవాలి. రెండోసారి ఇచ్చేముందు బట్టలు మార్చుకుని చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చొక్కా చేతి మడతలోంచి రాలిన చిటికెడు దుమ్ము చాలు, శాంపిల్ పాడవడానికి.

ఫారంలో పేరు, వయసుతో పాటు తాగే నీళ్లెక్కడివి, రోజుకు ఎన్ని కప్పుల టీ తాగుతారు, ఏ టూత్‌పేస్ట్ వాడతారు, కిడ్నీ జబ్బు ఉందా అన్నవి రాయించుకోండి. తేయాకు ఫ్లోరైడ్‌ను బాగా పీల్చుకునే మొక్క. రోజుకు ఏడెనిమిది కప్పుల డికాక్షన్ టీ తాగే మనిషి బోరు నీళ్లు ముట్టకపోయినా మూత్రంలో ఫ్లోరైడ్ పెరుగుతుంది.

శాంపిల్‌ను ఐస్ బాక్సులో తెచ్చి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ఆగుతుంది. అంతకు మించితే డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చి మూత్రంలో పోయే పదార్థం; చిక్కదనం సరిచేయడానికి పనికొస్తుంది) కోసం ముందే 5 మిల్లీలీటర్లు వేరే ట్యూబులోకి తీసి అదే నంబరు వేయండి.

బఫర్: టిసాబ్

ఎలక్ట్రోడ్ విడిగా తిరిగే ఫ్లోరైడ్ అయాన్లనే చూస్తుంది. హైడ్రోజన్‌తో జతకట్టినవీ అల్యూమినియం, ఇనుము పట్టుకున్నవీ దానికి కనబడవు. పీహెచ్ 5 కంటే తగ్గేకొద్దీ ఫ్లోరైడ్ హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారి రీడింగ్ తగ్గిపోతుంది. పీహెచ్ 8 దాటితే హైడ్రాక్సైడ్ అయాన్లను కూడా ఎలక్ట్రోడ్ ఫ్లోరైడ్‌గానే లెక్కేస్తుంది, అప్పుడు లేనిది పెరుగుతుంది. మూత్రం పీహెచ్ మనిషిని బట్టి, తిండిని బట్టి 4.5 నుంచి 8 దాకా ఉంటుంది. దానిలోని ఉప్పు కూడా ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. ఈ తేడాలన్నీ చదును చేసేది టిసాబ్.

లీటరు తయారీకి: పెద్ద ప్లాస్టిక్ బీకర్లో 500 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ తీసుకుని 57 మిల్లీలీటర్ల గ్లేసియల్ ఎసిటిక్ యాసిడ్, 58 గ్రాముల సోడియం క్లోరైడ్, 4 గ్రాముల సీడీటీఏ (ఈడీటీఏ లాగే లోహాలను పట్టుకునే రసాయనం) వేసి కలపండి. యాసిడ్‌ను ఫ్యూమ్ హుడ్‌లోనే కొలవాలి. సీడీటీఏ వెంటనే కరగదు, కంగారుపడొద్దు; సోడియం హైడ్రాక్సైడ్ కలిపేకొద్దీ కరుగుతుంది. బీకర్‌ను చల్లనీళ్ల తొట్టిలో పెట్టి 6 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ కొంచెం కొంచెంగా పోస్తూ పీహెచ్ 5.3 నుంచి 5.5 మధ్యకు తేవాలి. సుమారు 125 మిల్లీలీటర్లు పడుతుంది. హడావిడిగా పోస్తే ద్రావణం వేడెక్కి పీహెచ్ మీటర్ తప్పు చూపిస్తుంది, చల్లారాక మళ్లీ చూస్తే పీహెచ్ ఎక్కడో ఉంటుంది. గది వేడికి వచ్చాక మాత్రమే లీటరుకు నింపండి.

సీడీటీఏ ధర చూసి దాన్ని మానేసి సిట్రేట్‌తో సరిపెట్టేవాళ్లున్నారు. అల్యూమినియం పిడికిట్లోంచి ఫ్లోరైడ్‌ను విడిపించడంలో సీడీటీఏ ముందుంటుంది. లీటరుకు 4 గ్రాములే కాబట్టి ఇక్కడ పొదుపు చేయొద్దు.

స్టాండర్డులు

స్టాండర్డ్ అంటే ఫ్లోరైడ్ ఎంత ఉందో ముందే తెలిసిన ద్రావణం. సోడియం ఫ్లోరైడ్‌ను 105 డిగ్రీల ఓవెన్లో రెండు గంటలు ఆరబెట్టి, డెసికేటర్లో చల్లార్చి, 2.210 గ్రాములు తూచి లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి. ఇది లీటరుకు 1000 మిల్లీగ్రాముల స్టాక్. సోడియం ఫ్లోరైడ్ విషం; తూచేటప్పుడు గ్లవ్స్, మాస్కు ఉండాలి. దానికి ఎప్పుడూ గాఢ యాసిడ్ తగలనివ్వకండి, హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది.

స్టాక్ 10 మిల్లీలీటర్లను 100కు పెంచితే లీటరుకు 100 మిల్లీగ్రాముల ద్రావణం వస్తుంది. ఇక లెక్క తేలిక. ఈ ద్రావణం ఎన్ని మిల్లీలీటర్లు తీసి 100కు నింపితే లీటరుకు అన్ని మిల్లీగ్రాముల స్టాండర్డ్. అలా 0.2, 0.5, 1, 2, 5, 10 చేయండి. గాజు ఫ్లాస్కులో నింపినా ఫర్వాలేదు గానీ వెంటనే ప్లాస్టిక్ బాటిల్లోకి మార్చాలి. పలచటి స్టాండర్డులు ఏ రోజుకా రోజు చేసుకోవడమే మంచిది.

రీడింగ్ తీయడం

ఎలక్ట్రోడ్‌ను ముందుగా 1 మిల్లీగ్రాము స్టాండర్డ్, టిసాబ్ సమానంగా కలిపిన ద్రావణంలో అరగంట నానబెట్టండి. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌లో నింపే ద్రావణం బీకర్లోని శాంపిల్ మట్టానికి పైనే ఉండాలి, నింపే రంధ్రం మూత తీసి ఉంచాలి. ఈ మూత మర్చిపోవడం వల్లే సగం సార్లు రీడింగ్ ఊగుతుంటుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన మూత్రంలో అడుగున మడ్డి కనబడుతుంది. దాన్ని వడకట్టి పారేయకండి, అందులోనూ ఫ్లోరైడ్ ఉండొచ్చు. గది వేడికి వచ్చాక గోరువెచ్చని నీళ్లలో కాసేపు పెట్టి, బాగా తిప్పి కలిపి, అంతా ఒకేలా అయ్యాక తీయండి. తర్వాత మళ్లీ గది వేడికి రానివ్వాలి.

ప్లాస్టిక్ బీకర్లో 10 మిల్లీలీటర్ల స్టాండర్డ్ లేదా మూత్రం, 10 మిల్లీలీటర్ల టిసాబ్ వేయండి. స్టాండర్డునూ మూత్రాన్నీ ఒకే నిష్పత్తిలో పలచబరుస్తున్నాం కాబట్టి చివర్లో రెండుతో గుణించే పని లేదు. ఇక్కడ చాలామంది అనవసరంగా గుణించి ఫలితాన్ని రెట్టింపు చేస్తారు.

స్టిరర్ మోటారు వేడి బీకర్ అడుక్కి ఎక్కుతుంది. మధ్యలో ఒక పలచని థర్మకోల్ ముక్క పెట్టండి. అన్ని బీకర్లకూ తిరిగే వేగం ఒకటే ఉండాలి, నీళ్లలో సుడి పడేంత వేగం వద్దు.

ఎలక్ట్రోడ్‌ను నిటారుగా కాకుండా కాస్త వాలుగా దింపండి. దింపాక బీకర్‌ను కళ్ల ఎత్తులో పెట్టి కింది నుంచి చూడండి. ఎలక్ట్రోడ్ కొనన ఉండే క్రిస్టల్ మీద ఆవగింజంత గాలి బుడగ అతుక్కుని ఉంటే రీడింగ్ నిలవదు, పైకీ కిందికీ కొట్టుకుంటుంది. ఎలక్ట్రోడ్‌ను పైకి తీసి మళ్లీ వాలుగా దింపితే బుడగ పోతుంది. బయట బుడగ లేకపోయినా రీడింగ్ తిక్కగా ఉంటే లోపలి ద్రావణంలో గాలి చేరినట్టు. పాత పాదరసం థర్మామీటర్‌ను విదిలించినట్టు ఒకటి రెండుసార్లు కిందికి విదిలించండి.

తక్కువ స్టాండర్డ్ నుంచి ఎక్కువకు వెళ్లండి. ఒక్కోదాన్ని మూడు నిమిషాలు తిరగనిచ్చి, నిమిషానికి 0.1 మిల్లీవోల్టు కంటే తక్కువ కదులుతున్నప్పుడు రాసుకోండి. 0.2 స్టాండర్డుకు ఐదు నిమిషాలైనా పట్టొచ్చు. ఒక బీకర్‌కూ ఇంకో బీకర్‌కూ మధ్య డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి మెత్తని టిష్యూతో అద్దండి. క్రిస్టల్‌ను రుద్దొద్దు. 10 మిల్లీగ్రాముల స్టాండర్డ్ అయ్యాక వెంటనే శాంపిల్‌కు పోకుండా ఎలక్ట్రోడ్‌ను బాగా కడిగి, 1 మిల్లీగ్రాము స్టాండర్డుకు వెనక్కి వచ్చి ముందటి రీడింగే వస్తోందా చూసుకోండి.

లెక్క

ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ మిల్లీవోల్టులు తగ్గుతాయి. ఫ్లోరైడ్ పది రెట్లయితే తగ్గే మిల్లీవోల్టులే స్లోప్. 25 డిగ్రీల వద్ద సిద్ధాంతం ప్రకారం అది 59.2, 54 నుంచి 60 మధ్య ఉంటే ఎలక్ట్రోడ్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఏప్రిల్లో 38 డిగ్రీల గదిలో చేస్తే సిద్ధాంతమే 61.7 అంటుంది కాబట్టి అప్పుడు 60 దాటిందని కంగారుపడొద్దు.

ఉదాహరణకు 1 మిల్లీగ్రాము స్టాండర్డ్ 100.0, 10 మిల్లీగ్రాముల స్టాండర్డ్ 42.0 మిల్లీవోల్టులు చూపించాయి అనుకుందాం. స్లోప్ 58.0. మూత్రం 71.5 చూపించింది. 100.0 లోంచి 71.5 తీస్తే 28.5; దాన్ని 58.0తో భాగిస్తే 0.491, పది ఘాతం 0.491 అంటే 3.10. లీటరుకు 3.10 మిల్లీగ్రాములు. మీటరే లెక్కకట్టి నేరుగా మిల్లీగ్రాముల్లో చూపించినా మిల్లీవోల్టులు కూడా రిజిస్టర్‌లో రాయండి. తర్వాత అనుమానం వస్తే తప్పు ఎక్కడ జరిగిందో వాటిని బట్టే పట్టుకోగలం.

ఒక్క మిల్లీవోల్టు తేడా అంటే ఫలితంలో 4 శాతం తేడా. పొద్దున ఏసీలో స్టాండర్డులు కొలిచి, కరెంటు పోయి గది వేడెక్కాక శాంపిల్స్ కొలిస్తే ఆ రోజు పనంతా వృథానే. పది శాంపిల్స్‌కు ఒకసారి 1 లేదా 2 మిల్లీగ్రాముల స్టాండర్డ్ పెట్టి చూడండి. రెండు మిల్లీవోల్టులు జరిగి ఉంటే మళ్లీ మొదటి నుంచి స్టాండర్డులు కొలిచి, ఆ పది శాంపిల్స్ కూడా తిరిగి చేయాలి.

తప్పు పట్టుకునే పద్ధతులు

ప్రతి బ్యాచ్‌లో ఒక బ్లాంక్ (మూత్రం బదులు డిస్టిల్డ్ వాటర్), పదింటికి ఒక డూప్లికేట్ (అదే శాంపిల్ రెండోసారి), ఒక స్పైక్ (తెలిసినంత ఫ్లోరైడ్ కలిపిన శాంపిల్) ఉండాలి. స్పైక్ కోసం 10 మిల్లీలీటర్ల మూత్రంలో 100 మిల్లీగ్రాముల ద్రావణం 0.1 మిల్లీలీటర్ కలిపితే లీటరుకు దాదాపు 1 మిల్లీగ్రాము పెరగాలి. పెరిగింది 0.9 కంటే తక్కువైనా 1.1 కంటే ఎక్కువైనా ఏదో అడ్డు తగులుతోంది. ముందు బఫర్ కలిపిన ద్రావణం పీహెచ్ చూడండి, తర్వాత పిపెట్.

అయినా తేలకపోతే స్టాండర్డ్ అడిషన్ పద్ధతి ఉంది. 10 మిల్లీలీటర్ల మూత్రం, 10 టిసాబ్ కలిపి మిల్లీవోల్టులు రాసుకోండి. అదే బీకర్లో 1000 మిల్లీగ్రాముల స్టాక్ 50 మైక్రోలీటర్లు, అంటే 50 మైక్రోగ్రాముల ఫ్లోరైడ్, వేసి మళ్లీ చూడండి. 24.7 మిల్లీవోల్టులు తగ్గిందనుకుందాం. 24.7ను 58.0తో భాగిస్తే 0.426, పది ఘాతం 0.426 అంటే 2.67. అందులోంచి ఒకటి తీసేసి 50ని దానితో భాగిస్తే 30 మైక్రోగ్రాములు. అది 10 మిల్లీలీటర్లలో ఉంది కాబట్టి లీటరుకు 3.0 మిల్లీగ్రాములు. నేరుగా కొలిచిన 3.10కి ఇది దగ్గరగానే ఉంది, కాబట్టి ఆ శాంపిల్‌లో పెద్ద అడ్డేమీ లేనట్టే.

స్లోప్ రోజురోజుకూ తగ్గుతూ, రీడింగ్ నిలబడటానికి పది నిమిషాలు పడుతుంటే క్రిస్టల్ మీద మూత్రంలోని ప్రొటీన్ పొరలా పట్టి ఉంటుంది. ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్ట్ కొద్దిగా తీసుకుని మెత్తని బ్రష్‌తో సున్నితంగా తోమి, బాగా కడిగి, మళ్లీ స్టాండర్డులో నానబెట్టండి. అప్పటికీ స్లోప్ 54 దాటకపోతే కొత్త స్టాండర్డులు చేసి చూడండి. ఎలక్ట్రోడ్ పాడైందని తేల్చేది ఆ తర్వాతే.

చిక్కదనం సరిచేయడం

మేలో పొలం పని చేసే మనిషి మూత్రం చిక్కగా, తక్కువగా వస్తుంది. అందులో లీటరుకు 3.1 ఉన్నా రోజు మొత్తం మీద పోయింది అంత ఎక్కువ కాకపోవచ్చు. దీన్ని సరిచేయడానికి స్పెసిఫిక్ గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే మూత్రం ఎంత బరువో చెప్పే అంకె) ఒక దారి. రిఫ్రాక్టోమీటర్ 1.028 చూపిస్తే, 1.020ని ఆధారంగా పెట్టుకుని 3.1ని 20తో గుణించి 28తో భాగించండి, 2.2 వస్తుంది. అయితే ఈడీటీఏ కలిసిన మూత్రంలో గ్రావిటీ కాస్త పెరుగుతుంది కాబట్టి ఈ కొలత శాంపిల్ ఇచ్చిన చోటే, బాటిల్లో పోయకముందు కప్పులోంచి చుక్క తీసి చూడాలి.

రెండో దారి క్రియాటినిన్. లీటరుకు 3.1 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, 1.55 గ్రాముల క్రియాటినిన్ ఉంటే గ్రాము క్రియాటినిన్‌కు 2.0 మిల్లీగ్రాములు. ఆటో అనలైజర్ క్రియాటినిన్‌ను డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తుంది, 155 అంటే లీటరుకు 1.55 గ్రాములు. రక్తం కోసం పెట్టిన అనలైజర్‌లో మూత్రాన్ని పలచబరచి పెట్టాలి. ఎన్ని రెట్లు పలచబరిచారో అన్ని రెట్లు మళ్లీ గుణించాలి. క్రియాటినిన్ లీటరుకు 0.3 గ్రాముల కంటే తక్కువ లేదా 3.0 కంటే ఎక్కువ వస్తే ఆ శాంపిల్ పక్కనబెట్టి మళ్లీ అడగండి. చిన్నపిల్లల్లో, బాగా బక్కచిక్కిన వాళ్లలో కండ తక్కువ, క్రియాటినిన్ తక్కువ. ఈ లెక్కన వాళ్ల ఫ్లోరైడ్ ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. బడి పిల్లల సర్వేలో స్పెసిఫిక్ గ్రావిటీయే మేలు.

ఫలితం రాసేటప్పుడు

లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగేవాళ్ల మూత్రంలోనూ మామూలుగా దాదాపు అంతే ఉంటుంది. మన దేశపు తాగునీటి ప్రమాణం 1.0, వేరే నీటి వసతి లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటుంది. కార్మికులకు అమెరికాలోని ఏసీజీఐహెచ్ సంస్థ సూచించిన హద్దు షిఫ్ట్‌కు ముందు లీటరుకు 2 మిల్లీగ్రాములు, షిఫ్ట్ అయ్యాక 3. ఈ హద్దు ఫ్యాక్టరీ కోసం పెట్టింది. ఊరి పిల్లల ఫలితం పక్కన దీన్ని రాసి "నార్మల్" అనకండి.

కిడ్నీ దెబ్బతిన్న మనిషిలో మూత్రం ఫ్లోరైడ్ తక్కువగా వస్తుంది, ఎందుకంటే ఒంట్లోది బయటికి పోవడం లేదు. ఆ తక్కువ అంకె మంచి వార్త కాదు. అలాంటివాళ్లకు రక్త పరీక్ష కూడా కావాలని రిపోర్టులోనే రాయాలి. మూత్రం పుల్లగా, అంటే ఆమ్లంగా ఉన్నప్పుడు కూడా ఫ్లోరైడ్ బయటికి పోవడం తగ్గుతుంది.

బోరు మాని నది నీళ్లకు మారిన ఊళ్లలో తేడా చూడాలంటే ఒక్కసారి కొలిస్తే చాలదు. నీళ్లు మారగానే మూత్రంలో ఫ్లోరైడ్ కొంత వెంటనే పడిపోతుంది. ఆ తర్వాత ఎముకల్లో ఏళ్లుగా పేరుకున్నది మెల్లగా కరిగి మూత్రంలోకి వస్తూనే ఉంటుంది కాబట్టి మిగతాది నెమ్మదిగా దిగుతుంది. అందుకే తర్వాతి శాంపిల్స్ అదే మనుషుల దగ్గర, ఏడాదిలో అదే నెలలో, రోజులో అదే సమయానికి తీసుకోండి. రిజిస్టర్‌లో ప్రతిసారీ ఆ రోజు స్లోప్, గది వేడి, స్పైక్ రికవరీ (స్పైక్‌లో కలిపినదాంట్లో ఎంత తిరిగి కనబడింది) కూడా రాసి పెడితే పాత అంకెనూ కొత్త అంకెనూ ధైర్యంగా పక్కపక్కన పెట్టొచ్చు.